జానెడు దూరంలో ఒక మొహం

ఫోకస్ ఈ కెమెరా తనే చూసుకుంటుందని దుకాణదారు చెప్పగానే నేను రెండో మాట అడగలేదు. బేరం కూడా చేయలేదు. కొసరు కొత్తిమీర వేయించుకోకుండా కూరల బుట్ట ఎత్తని మనిషిని, బెజవాడలో అంత పెద్ద కొట్లో, ఇంటికప్పు రేకులు మార్చడానికని దాచిన డబ్బు మారుమాట లేకుండా కట్టేశాను. పక్కనున్న మా కోడలు నావంక అనుమానంగా చూసే ఉంటుంది. అప్పటికే ఎదుటి మనిషి మొహంలో ఏముందో నాకు తెలియడం మానేసింది.

మాది గుడివాడ. మా ఆయన ఫోటో స్టూడియో నడిపేవారు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆయన నాకు కెమెరా నేర్పడానికి కారణం ఉంది. ఓణీల ఫంక్షను, సీమంతం, పెళ్లికూతుర్ని చేయడం లాంటి వేడుకలు లోపలి గదుల్లో, ఆడవాళ్ల మధ్య జరిగేవి. మగవాడు కెమెరా పట్టుకుని అక్కడికి వస్తే పెద్దవాళ్లు ఒప్పుకునేవారు కాదు. నేను వెళ్తే పీట వేసి కూర్చోబెట్టేవారు. ఆయన పోయాక స్టూడియో మూసేశాను గాని ఆ పని మాత్రం వదల్లేదు. ఇటు బందరు, అటు పామర్రు మీదుగా దివిసీమ, ఎక్కడ పిలిస్తే అక్కడికి సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేదాన్ని. మా అబ్బాయి బియ్యం మిల్లులో గుమాస్తా. తిండికి లోటు లేదు. కానీ నా మందులు, నా చీరలు, మనవరాలి బడి ఖర్చులు నా చేతి డబ్బుతోనే నడిచేవి. ఒకరి ముందు చెయ్యి చాపితే ఆ చెయ్యి మళ్లీ నిటారుగా నిలబడదని మా అమ్మ అనేది. నేను ఆ మాట పట్టుకుని బతికాను.

మొదట్లో నాకు ఫోకస్ చేయడం వచ్చేది కాదు. కెమెరా కన్నంలో రెండు ముక్కలుగా కనిపించే మొహాన్ని ఒక్కటి చేయాలి, అప్పుడు నొక్కాలి. చీకటి గదుల్లో ఆ ముక్కలు కలిసేవి కావు, రీలు దండగయ్యేది. రీలు దండగైతే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అది చూసి ఆయన ఒక ఉపాయం చెప్పారు. అడుక్కో ముడి వేసిన పురికొస ఇచ్చారు. దాని కొస ఎదుటి మనిషి ముక్కుకి ఆనించి, కెమెరా దాకా లాగి, ముళ్లు లెక్కపెట్టి, లెన్సు మీదున్న అడుగుల అంకె దగ్గరికి తిప్పడమే. పెళ్లికూతుళ్లు ముక్కు దగ్గర తాడు పట్టుకుని పకపకా నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఫోటోలు మాత్రం గీత గీసినట్టు వచ్చేవి. కొన్నేళ్లకి కన్ను అలవాటు పడింది, తాడు అవసరం తీరింది. ఏదీ పారేసే అలవాటు లేదు గనక దాన్ని దోమతెరకి కట్టాను.

తర్వాత కన్నే పోవడం మొదలైంది.

గుడివాడలో చూపించుకుంటే ఊరంతా తెలుస్తుందని బందరు వెళ్లాను. ఇంట్లో చుట్టాలింటికని చెప్పాను. డాక్టరు కంట్లో మందు వేసి, కూర్చోబెట్టి, చాలాసేపు చూశాడు. "షుగరు కంటి వెనక పొరని తినేసిందమ్మా. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని ఆపగలమేమో చూద్దాం" అన్నాడు. లేజరు పెట్టారు. ఆగింది కొంత, ఆగనిది కొంత. ఎవర్ని చూసినా చీర అంచు కనిపించేది, కాళ్ల పట్టీలు కనిపించేవి, వెనక గోడ కనిపించేది. మొహం ఉండాల్సిన చోట మసి మరక ఉండేది. నేను కళ్లు పక్కకి తిప్పి చూస్తే మరకా తిరిగేది. బయటి ప్రపంచం అంతా ఉంది, నా పనికి కావలసిందే లేదు.

రీళ్లు కడిగే ల్యాబు అతను ఒకరోజు మెల్లిగా అన్నాడు. "మామ్మగారూ, మొన్నటిదంతా మసగ్గా వచ్చిందండి. లెన్సులో బూజు పట్టిందేమో చూపించండి."

"బూజే" అన్నాను.

"ఇంకా ఈ పాత డబ్బా ఎందుకండీ? ఇప్పుడొచ్చే డిజిటల్ వాటికి ఆ తిప్పలు లేవు. మీట సగం నొక్కితే ఫోకస్ అదే చేసుకుంటుంది. అయ్యాక కీచుమంటుంది. అప్పుడు పూర్తిగా నొక్కడమే."

నాకు చెవులు బాగానే ఉన్నాయి. కీచుమంటే వినగలను. ఇంటికొస్తూ దారి పొడవునా అదే అనుకున్నాను. బెజవాడ వెళ్లింది అందుకే.

కెమెరా రాగానే పెరట్లో సాధన మొదలుపెట్టాను. కోడలు అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతూ కూర్చునేది. నేను మీట సగం నొక్కేదాన్ని. లోపల లెన్సు సన్నగా తిరిగి, కీచుమనేది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొచ్చేది. పూర్తిగా నొక్కేదాన్ని. వెనక చిన్న అద్దంలో ఫోటో పడేది గాని అది నాకు బల్లి గుడ్డంత వెలుగు, అంతే. కోడలు లేచొచ్చి చూసేది.

"చేటలో బియ్యం బ్రహ్మాండంగా వచ్చాయత్తయ్యా. వడ్లగింజ కూడా కనపడుతోంది. నేను రాలేదు."

"కీచుమంది కదా."

"కీచుమంది. బియ్యానికి."

"నువ్వు కదిలుంటావు."

"కదలొద్దన్నారని ఈగ వాలినా తోలుకోలేదు."

మర్నాడు చేట తీసేయించాను. ఈసారి వెనక గోడ మీద క్యాలెండర్లో లక్ష్మీదేవి చక్కగా వచ్చింది. ఆ తర్వాతి రోజు దండెం మీద తువ్వాలు వచ్చింది. కోడలు ముందు నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. నేను విసుక్కున్నాను. గడ్డం ఎత్తమన్నాను, దించమన్నాను. "ఆ, బావుంది, అలాగే ఉండు" అని నొక్కాను.

ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. వెనక అద్దంలోకి వంగి చూసింది.

"ఏం, మళ్లీ తువ్వాలేనా?"

"నేను నాలుక బయటపెట్టి కూర్చున్నానత్తయ్యా. మీరు బావుంది, అలాగే ఉండు అన్నారు."

నేను కెమెరా సంచీలో పెట్టి, జిప్పు లాగి, మళ్లీ తీశాను. చేతులకి ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

"ఎన్నాళ్లయింది?" అంది.

"నీకెందుకు?"

"మీ అబ్బాయికి చెప్తాను."

"చెప్పు. ఈ రోజే చెప్పు. రేపట్నుంచి వాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పక్కన మందుల సీసాలు పేరుస్తాడు. నువ్వు నాకు కంచంలో కలిపి పెడుదువుగాని. అంతకంటే ఆ నూతిలో తోసెయ్యి, పుణ్యముంటుంది."

నేను బతిమాలడం ఆమె అంతకుముందు ఎన్నడూ వినలేదు. నేను అన్నది బతిమాలడమేనని ఆమెకి తెలిసింది. కాసేపటికి చేట తీసి గోడకి ఆనించి, "అయితే ఎక్కడికెళ్లినా నేనూ వస్తాను. సంచీ మోయడానికని చెప్పండి" అంది.

"వస్తే రా. మీట మీద మాత్రం చెయ్యి వెయ్యకు."

ఆమె ఇంటర్ చదివింది. కెమెరాతో వచ్చిన పుస్తకం పట్టుకుని కూర్చుంది. కెమెరా కన్నంలోంచి చూస్తే లోపల చుక్కలు ఉన్నాయట, వాకిట్లో ముగ్గు చుక్కల్లాగా పేర్చి. ఏ చుక్క కిందైనా దగ్గరగానో కొట్టొచ్చినట్టో ఏది కనపడితే దాన్ని పట్టుకోవడం దాని నైజం. బియ్యం అందుకే దానికి ముద్దొచ్చాయి. మిగతా చుక్కలన్నీ ఆర్పేసి నడిమి చుక్క ఒక్కటే వెలిగేలా పెట్టింది. ఇక నేను చేయాల్సింది ఆ నడిమి చుక్కని మొహం మీదికి తీసుకెళ్లడం. మొహం కనపడకపోయినా, మెడ కనపడుతుంది, నెత్తిన జుట్టు కనపడుతుంది. ఆ రెంటికీ మధ్య మసి మరక ఎక్కడుందో అదే మొహం. మరక మీద చుక్క పెట్టి సగం నొక్కేదాన్ని. ఎండలో, పెరట్లో, అది కీచుమని కోడలి మొహాన్నే పట్టింది. ఆమె అద్దంలో చూసి "వచ్చాను" అన్నప్పుడు నేను అటు తిరిగి ముక్కు చీదుకున్నాను.

కానీ నా చేతికి నమ్మకం కుదరలేదు. పాత లెన్సు మీద వేలు పెడితే అడుగుల అంకెలు చెక్కి ఉండేవి. దీని మీద తడిమి తడిమి చూశాను.

"అడుగులు ఎక్కడున్నాయే?"

"లేవత్తయ్యా. నున్నగా ఉంది."

"అడుగులు లేకుండా లెన్సెలా చేశారు?"

"అదే చూసుకుంటుందిగా. ఇంక అడుగులెందుకనుకున్నారేమో."

ఒక మీట పక్కకి జరిపితే ఫోకస్ మన చేత్తో తిప్పుకోవచ్చని పుస్తకంలో ఉంది. తిప్పాను. ఒక పక్కకి చివరికంటా తిప్పితే గట్టిగా ఆగింది. అలా ఆగినప్పుడు ఏది స్పష్టంగా వస్తుందో చూడమన్నాను. కోడలు చేట దగ్గరికి వంగి, ముందుకీ వెనక్కీ జరిగి, చివరికి చెయ్యి చాపి కొలిచింది. లెన్సు మూతి నుంచి బియ్యానికి జానెడు. రవ్వంత తక్కువ.

"జానెడు దూరంలో ఏం తీస్తాం? మనిషి మూతి మీద పెట్టి నొక్కుతామా?" అని మీట మళ్లీ మొదటి చోటికే జరిపించాను.

ఆ నెలలోనే నాగాయలంక నుంచి ఒకావిడ వచ్చింది. సముద్రం మీద వేటకి వెళ్లే వాళ్లు. చాలా ఏళ్ల కిందట ఆవిడని పెళ్లికూతుర్ని చేసినప్పుడు నేనే ఫోటోలు తీశాను. ఎండు మెత్తళ్ల చేపల పొట్లం అరుగు మీద పెట్టి కూర్చుంది.

"పిన్నీ, నా కూతుర్ని పెళ్లికూతుర్ని చేస్తున్నాం. నువ్వు రావాలి. మిగతావి ఎలా వచ్చినా నాకు పట్టింపు లేదు. మా అమ్మ దానికి అక్షింతలు వేసే ఫోటో ఒక్కటి కావాలి. అమ్మని ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు ఆసుపత్రిలో. ఎన్నాళ్లో ఉండదు."

"ఆవిడవి ఇదివరకు తీసినవి ఉండాలే."

"ఎక్కడా? నా పెళ్లిలో నువ్వు పిలిస్తే ఏమందో గుర్తులేదా? చేపల కంపు ఫోటోలోకీ వస్తుందంది. ఎప్పుడడిగినా నెత్తి మీది చేపల గంప దించాక తీయించుకుంటాననేది. గంప దించేసరికి మంచమెక్కింది. రేపు ఆవిడ పోతే గోడకి పెట్టుకోడానికి కాగితం ముక్క లేదు పిన్నీ."

కోడలు గడపలో నిలబడి గొంతు సవరించుకుంది. నన్ను వద్దనమని. ఒక్కసారి వద్దంటే రెండోసారి అడిగేవాళ్లుండరు. దివిసీమలో ఒక ఇంట్లో అన్నమాట అవనిగడ్డ బస్సు కంటే ముందు అన్ని ఊళ్లూ తిరుగుతుంది. వస్తానన్నాను.

బస్సులో వెళ్తున్నంతసేపూ సంచీలో చెయ్యి పెట్టి మీట సగం నొక్కడం, వదలడం. అది సంచీ చీకట్లో గుర్రుమనేది గాని కీచుమనేది కాదు. కోడలు నా మోచెయ్యి మీద చెయ్యి వేసి "బ్యాటరీ అయిపోతుందత్తయ్యా" అంది. ఆపాను.

పందిట్లో ఫోటోలు బాగానే నడిచాయి. ఎండ ఉంది. పిల్లకి నలుగు పెట్టేటప్పుడు, హారతిచ్చేటప్పుడు, గాజులు తొడిగేటప్పుడు నడిమి చుక్క మరక మీద పెట్టి నొక్కాను. కోడలు నా వెనక నిలబడి "కొంచెం పైకి" "ఎడమకి" అని పైట సర్దుతున్నట్టు వంగి చెవిలో చెప్పింది. కీచుమన్న ప్రతిసారీ నా వెన్ను కాస్త నిటారైంది. ఇంకొన్నేళ్లు లాగొచ్చు అనుకున్నాను.

తర్వాత లోపలి గదిలోకి తీసుకెళ్లారు. కరెంటు పోయింది. కిటికీకి అడ్డంగా వలల కుప్ప. నులక మంచం మీద ముసలావిడ, తెల్లచీర, వెనక సున్నం గోడ. నాకు కనిపించిందంతా తెలుపే. పెళ్లికూతురు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ముసలావిడ గుప్పిట్లో అక్షింతలు పెట్టి, వెనక దిండ్లు ఎత్తి పెట్టారు. ఆవిడ చెయ్యెత్తింది.

సగం నొక్కాను. లెన్సు గుర్రుమని ముందుకెళ్లింది, గుర్రుమని వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. కీచుమనలేదు. ఫ్లాష్ పైకి లేపితే టపటపా మెరిసింది గాని దానికేమీ దొరకలేదు. ఆ మెరుపులకి ముసలావిడ మొహం పక్కకి తిప్పుకుందని కోడలు చెవిలో చెప్పింది. గట్టిగా పూర్తిగా నొక్కాను. అది నొక్కుకోలేదు. పాతదైతే చెడో మంచో నొక్కినప్పుడు పడేది. ఇది తనకి నమ్మకం కుదిరితే గాని నన్ను నొక్కనివ్వదు. ఈ సంగతి పెరటి ఎండలో నాకు తెలియనే లేదు.

పైకెత్తిన చెయ్యి వణుకుతూ అలాగే ఉంది. బియ్యం గింజలు మంచం మీద ఒక్కొక్కటీ రాలుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఏం చెల్లీ, నీ డబ్బాకీ నాలాగే ఆయాసమా?" అంది ముసలావిడ.

అందరూ నవ్వారు. చెయ్యి కిందపడిపోయింది. పెళ్లికూతురు రాలిన అక్షింతలు ఏరి మళ్లీ ఆవిడ గుప్పిట్లో పెట్టింది. మళ్లీ ఎత్తించారు. మళ్లీ గుర్రు. మూడోసారి చెయ్యి సగం దాకానే లేచింది. ఆవిడ ఊపిరి లోపల ఎక్కడో తట్టుకుంటోంది. పెళ్లికూతురి తల్లి నా పక్కకొచ్చి "పిన్నీ, అయిందా?" అని అడిగింది. ఆ గొంతులో ఇంకా అనుమానం లేదు. అదే నన్ను చంపింది.

కోడలు చెవిలో అంది, "నాకివ్వండత్తయ్యా."

ఎవరి చేతిలో ఉన్నా అది ఆ కెమెరానే, ఆ చీకటే. ఇవ్వలేదు. నడుం మీద చెమట కారుతోంది. పురికొస దోమతెరకి వేలాడుతోంది, తెచ్చినా ఈ లెన్సు మీద అడుగులు లేవు. దీని దగ్గర నాకు ఖాయంగా తెలిసిన దూరం ఒక్కటే ఉంది.

"మీట జరుపు" అన్నాను కోడలితో. "చివరికంటా తిప్పు."

ఆమెకి ఒక క్షణం పట్టింది. తర్వాత జరిపింది, తిప్పింది.

"అందరూ కాస్త బయటికి నడవండి. ఆవిడకి గాలాడట్లేదు" అన్నాను. నేను గట్టిగా చెప్తే వినని వాళ్లు తక్కువ. గదిలో మేం ముగ్గురం మిగిలాం. మంచం పట్టె మీద మోకాలు ఆనించి వంగాను. ఎడమ చెయ్యి చాచి, బొటనవేలు లెన్సు మూతికి ఆనించి, చిటికెనవేలితో ఆవిడ మొహం వెతికాను. చెంప తగిలింది, ఎముక తగిలింది. వేలు తడబడుతోంది.

జానెడు దూరంలో ఉన్న మనిషి దగ్గర ఏదీ దాగదు. ఆవిడ కాసేపు నా కళ్లలోకి చూసినట్టుంది. వేట నుంచి దిగిన చేపలు కొనేటప్పుడు కన్ను చూసి తాజాదో కాదో చెప్పే మనిషి.

"నీకు కానరావట్లేదు కదూ" అంది. కోడలికి కూడా సరిగా వినపడనంత మెల్లిగా.

నేను వేలు వెనక్కి తీసుకోబోయాను.

ఆవిడ నా చిటికెనవేలు పట్టుకుంది. చెయ్యి చల్లగా, గరుగ్గా ఉంది. నా వేలు తీసుకెళ్లి తన ముక్కుపుడక మీద పెట్టింది.

"ఇదిగో. ఇక్కడున్నా. అక్షింతలు నావల్ల కాదు గానీ, మొహం తీసుకో. గంప దించేశాగా."

రాయి వేలికి తగిలింది. జానెడు, రవ్వంత తక్కువ చేశాను. చెయ్యి తీశాను, కదలకుండా ఊపిరి బిగబట్టాను. నొక్కాను. ఇది కీచుమనలేదు, ఊరికే పడింది. ఈసారి ఆవిడ మొహం తిప్పుకోలేదని కోడలు తర్వాత చెప్పింది.

ముసలావిడ కర్మకాండలన్నీ అయ్యాక కూతురు గుడివాడ వచ్చింది. ఫోటో కవరులో పెట్టి ఇచ్చాను.

"అక్షింతలది రాలేదా పిన్నీ?"

"రాలేదు."

కూతురు కవరులోంచి ఫోటో తీసి చూసుకుంది. ఎంతసేపు చూసిందంటే, కోడలు ఇచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది. "ఇంత దగ్గరగా మా అమ్మని నేను కూడా చూళ్లేదు" అంది. కళ్లు తుడుచుకున్నట్టుంది. అంతటితో వెళ్లిపోతుందనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"పిన్నీ, కోపం తెచ్చుకోకు. అమ్మ పోయేముందు ఒకమాట చెప్పింది. నిన్ను ఇంక ఏ ఇంటికీ పిలవొద్దని మా వాళ్లందరికీ చెప్పమంది. 'పాపం, ఆవిడ చేతా గంప దింపించండే' అంది."

"చెప్పావా?"

"చచ్చిపోయేదాని మాట కదా పిన్నీ. చెప్పాను."

ముసలావిడ మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. నాగాయలంక నుంచి ఎవరూ రాలేదు ఆ తర్వాత. అవనిగడ్డ నుంచి రాలేదు. పామర్రులో ఏటా పిలిచే ఇంట్లో పెళ్లయితే శుభలేఖ వచ్చింది గాని కెమెరా తెమ్మన్న కబురు రాలేదు. ఒకరోజు అన్నం తింటూ మా అబ్బాయికి నేనే చెప్పాను. వాడు చాలాసేపు మెతుకులు కెలికాడు. మర్నాడు వరండాలో కుర్చీ వేయించాడు. దాని పక్కనే మందులకి బల్ల.

ఇదంతా పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక్కో వరుస మీద ఇంకో వరుస ఎక్కించుకుంటూ రాశాను. కోడలు సాపు రాసి పెడుతోంది. కెమెరా ఇప్పుడు ఆమెదే. దీపాలున్న కల్యాణ మంటపాలకి వెళ్తుంది, అక్కడ అది బాగానే కీచుమంటుందట.

కోడలు ముసలావిడ ఫోటో ఒక కాపీ ఎక్కువ వేయించిందని తెలిసినప్పుడు దండగ ఖర్చని కేకలేశాను. తర్వాత ఒక మధ్యాహ్నం అడిగాను, ఎలా ఉందని.

"ముక్కుపుడక రాయి మెరుస్తోందత్తయ్యా. ముక్కు మీద చర్మం కూడా తెలుస్తోంది. కళ్లు బాగా వచ్చాయి. చెవుల దగ్గరికొచ్చేసరికి మసక."

"అంతే మరి. జానెడుకి అంతే అందుతుంది. ఇలా ఇయ్యి."

ఒళ్లో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు చిటికెనవేలితో తడిమాను. పై నుంచి కింది దాకా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. నున్నగా ఉంది. ముక్కు ఎక్కడుందో తెలియలేదు.